పెట్రోస్యాన్ అనే ఇంటిపేరూ, మన డేటాబేసులూ

చదరంగం తెలిసినవాళ్ళని "టిగ్రాన్ పెట్రోస్యాన్ ఎవరు?" అని అడిగి చూడండి. "ఏ టిగ్రాన్?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఇద్దరున్నారు మరి. ఇద్దరూ ఆర్మీనియన్లే, ఇద్దరూ గ్రాండ్‌మాస్టర్లే. పెద్దాయన 1929లో జార్జియాలోని టిఫ్లిస్‌లో (ఇప్పటి టిబిలీసీ) పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయి, వీధులు ఊడ్చి పొట్టపోసుకున్న మనిషి. 1963లో బోత్విన్నిక్‌ని ఓడించి తొమ్మిదవ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1966లో స్పాస్కీ మీద ఆ కిరీటం నిలబెట్టుకున్నాడు, 1969లో అదే స్పాస్కీకి ఒప్పజెప్పాడు. వినికిడి తక్కువ, హాల్లో గోల ఎక్కువైతే చెవిలోని యంత్రం ఆపేసుకుని హాయిగా ఆడుకునేవాడని చెప్పుకుంటారు. 1984 ఆగస్టు 13న మాస్కోలో చనిపోయాడు. సరిగ్గా ఐదు వారాల తరవాత, సెప్టెంబరు 17న, ఎరెవాన్‌లో మరో పెట్రోస్యాన్ల ఇంట్లో మగపిల్లాడు పుట్టాడు. ఆ చాంపియన్ మీది అభిమానంతో తండ్రి వాడికి టిగ్రాన్ అని పేరు పెట్టాడు. వాడూ పెరిగి పెద్దై గ్రాండ్‌మాస్టరే అయ్యాడు!

రెండు కుటుంబాలకీ చుట్టరికం లేదు. చదరంగం పుస్తకాలవాళ్ళూ, ఆటల పట్టికలవాళ్ళూ తల పట్టుకుని చివరికి తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని మధ్యలో ఇరికించి గండం గట్టెక్కారు. పెద్దాయన టిగ్రాన్ వి., చిన్నాయన టిగ్రాన్ ఎల్. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇలాంటి మాట్లు బాగా తెలుసు: కీ ఢీకొంటే ఇంకో కాలమ్ కలిపి కాంపొజిట్ కీ చేసేయడం.

కథ ఇంతటితో ఆగలేదు. 2008లో డ్రెస్డెన్‌లోనూ, 2012లో ఇస్తాంబుల్‌లోనూ చదరంగం ఒలింపియాడ్ స్వర్ణం గెలిచిన ఆర్మీనియా జట్టులో ఈ చిన్న టిగ్రాన్ ఆటగాడు. ఆ జట్టుకి కెప్టెన్ అర్షాక్ పెట్రోస్యాన్. ఆయనా గ్రాండ్‌మాస్టరే, ఆయనకీ ఈ ఇద్దరితో సంబంధం లేదు. (ఆయన అల్లుడు హంగరీ ఆటగాడు పీటర్ లెకో. చదరంగం ప్రపంచంలో చుట్టరికాలు ఎక్కడుంటాయో, ఎక్కడుండవో ఊహించడం కష్టం.) తెలియనివాడు ఆ జట్టు కాగితం చూస్తే "ఓహో, తండ్రి కెప్టెను, కొడుకు ఆటగాడు, పెద్దాయన తాత కాబోలు" అని మూడు తరాల వంశవృక్షం గీసేస్తాడు. మనిషి గీస్తే నవ్వి ఊరుకుంటాం. అదే పని ఒక సాఫ్ట్‌వేరు లక్షల మంది మీద చేస్తే ఏమవుతుందన్నదే ఈ నెల నా గొడవ.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. ఆర్మీనియన్ ఇంటిపేర్లలో చాలా భాగం "యాన్" అనే తోకతో ముగుస్తాయి. "ఫలానావారి వంశం" అని దాని అర్థం. పెట్రోస్ అంటే బైబిల్లోని పేతురు. గ్రీకులో ఆ మాటకి అర్థం రాయి. ఆర్మీనియా నాలుగో శతాబ్దం మొదట్లోనే క్రైస్తవాన్ని రాజ్యమతంగా స్వీకరించిన దేశం, అక్కడ పేతురు పేరు పెట్టుకోని ఊరు ఉండదు. ఏ ఊళ్ళో ఏ పెట్రోస్‌కి మనవలు పుట్టినా వాళ్ళు పెట్రోస్యాన్లే. అంచేత ఆ పేరు గలవాళ్ళందరూ ఒక చెట్టు కొమ్మలు కారు. వేరువేరు చెట్లకి ఒకే రకం కాయలు కాశాయి, అంతే.

మన బుర్రకి ఇది కొంచెం కష్టంగానే ఎక్కుతుంది. మనకి ఇంటిపేరు ఒకటైతే దాయాదులనే లెక్క. పెళ్ళి సంబంధాల దగ్గర మొదట అడిగే ప్రశ్న అదే. కానీ అమెరికా ఆఫీసుల్లో దీనికి తిరగమోత కూడా మనం చూస్తూనే ఉన్నాం. ఒకే టీములో రెడ్డిగార్లు ముగ్గురుంటే "మీరు అన్నదమ్ములా?" అని అడగని మేనేజరు అరుదు. రెడ్డీ రావూ అసలు ఇంటిపేర్లే కావనీ, అసలు ఇంటిపేరు ముందు ఒంటి అక్షరంగా ముడుచుకుని కూర్చుందనీ ఆయనకి చెప్పబోతే కాఫీ చల్లారిపోతుంది.

ఇక స్పెల్లింగుల దగ్గరికి వద్దాం. అసలు సరదా ఇక్కడుంది. ఆర్మీనియన్ భాషకి తూర్పు, పడమర అని రెండు సాహిత్య రూపాలున్నాయి. ఎరెవాన్‌లో "ప" అని పలికే అక్షరాన్ని పడమటివాళ్ళు "బ" అంటారు, "ట"ని "డ" అంటారు. అందుకని తూర్పున పెట్రోస్ అయినవాడు పడమట బెద్రోస్ అవుతాడు. 1915లో ఆటొమన్ సామ్రాజ్యంలో జరిగిన నరమేధం నుంచి తప్పించుకుని బేరూత్, పారిస్, బోస్టన్, ఫ్రెజ్నో చేరినవాళ్ళు ఎక్కువగా పడమటివాళ్ళు. కనుక అమెరికాలో కనిపించేది తరచు బెద్రోసియాన్. బేస్‌బాల్ చూసేవాళ్ళకి స్టీవ్ బెద్రోసియాన్ గుర్తుండవచ్చు; ఫిలడెల్ఫియా ఫిలీస్ తరఫున ఆడుతూ 1987లో నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు తెచ్చుకున్న బౌలరు (పిచ్చరు అనాలి, అలవాటు మరి). తోటివాళ్ళు ఆయన్ని ముద్దుగా "బెడ్‌రాక్" అని పిలిచేవారు. నేల అడుగున ఉండే రాతిపొర పేరది. పెట్రోస్ అంటే రాయి అని వాళ్ళు తెలిసే పిలిచారో, నోటికి వచ్చినట్టు పిలిచారో గానీ రెండు వేల ఏళ్ళ నాటి అర్థాన్ని మళ్ళీ పట్టేసుకున్నారు.

పారిస్ చేరినవాళ్ళలో మెల్కూమ్, ముషేగ్ పెట్రోస్యాన్ అనే అన్నదమ్ములున్నారు. వాళ్ళు 1920లో మొదలుపెట్టిన కావియార్ వ్యాపారం ఇవాళ్టికీ ప్రసిద్ధమే. వాళ్ళ దుకాణం బోర్డు మీద ఎస్ అక్షరం రెండుసార్లు ఉంటుంది. ఫ్రెంచిలో రెండు అచ్చుల మధ్య ఒంటరి ఎస్ కనిపిస్తే "జ" అని చదువుతారు; ఒక్క ఎస్ పెడితే పెట్రోజియాన్ అయిపోతుంది. ఆ రెండో ఎస్ అచ్చుతప్పు కాదు, ఉచ్చారణకి కాపలా.

రష్యా దారి పట్టినవాళ్ళది మరో కథ. మాస్కో టీవీలో దశాబ్దాలు నవ్వించిన యెవ్గేనీ పెట్రోస్యాన్ 1945లో బాకూలో పుట్టినప్పుడు ఇంటిపేరు పెట్రోస్యాంత్స్. రంగస్థలానికి ఆ తోక బరువైందో ఏమో కత్తిరించుకున్నాడు. ఇప్పటి రష్యన్ కుర్రకారు ఆయన పేరుని ఏకంగా క్రియాపదం చేసేశారు. చద్ది జోకులు వేసి విసిగించడాన్ని వాళ్ళ యాసలో, మనమైతే "పెట్రోస్యానించడం" అంటామే, అలాంటి మాటతో చెబుతారు. ఇంటిపేరు ధాతువుగా మారడం ఏ డేటాబేసు డిజైనరూ ఊహించి ఉండడు.

కొందరు తోకని పూర్తిగా మార్చుకుని "ఒవ్" తగిలించుకున్నారు. మనందరికీ తెలిసిన ఉదాహరణ గ్యారీ కాస్పరోవ్. 1963లో బాకూలో పుట్టినప్పుడు ఆయన ఇంటిపేరు వైన్‌స్టైన్. తండ్రి పోయాక తల్లి వైపు ఇంటిపేరు తీసుకున్నాడు. ఆ తల్లి వైపువాళ్ళు అసలు గాస్పర్యాన్లు; రష్యన్ నోట్లో పడి కాస్పరోవ్ అయ్యింది.

వర్తమానంలోకి వస్తే, ఇటలీకి కిక్‌బాక్సింగ్‌లో పేరు తెచ్చిన జార్జియో పెట్రోస్యాన్ ఎరెవాన్‌లో గెవోర్గ్‌గా పుట్టి, చిన్నవయసులోనే ఇటలీ చేరి, పేరులో మొదటి సగాన్ని ఇటాలియన్ చేసుకుని, 2009, 2010లలో వరసగా కె-1 మ్యాక్స్ టైటిళ్ళు గెలిచాడు. అతని తమ్ముడు ఆర్మెన్ పెట్రోస్యాన్ కూడా కిక్‌బాక్సరే. ఇది చాలదన్నట్టు యూఎఫ్‌సీలో తలపడిన ఆర్మెన్ పెట్రోస్యాన్ వేరే ఇంకొకడున్నాడు! పేరూ ఇంటిపేరూ వృత్తీ మూడూ కలిశాయి, మనుషులు ఇద్దరు. రచయిత్రి మరియం పెట్రోస్యాన్ 2009లో రష్యన్‌లో అచ్చయిన ఒక్క లావుపాటి నవలతో ప్రసిద్ధురాలైంది. ఆమె ముత్తాత ప్రఖ్యాత చిత్రకారుడు మార్తిరోస్ సర్యాన్. 2024లో రష్యా జాతీయ చాంపియన్ అయిన స్కేటింగ్ అమ్మాయి అడెలియా పెట్రోస్యాన్ పేరులో వై బదులు ఐ కనిపిస్తుంది. దానికి కారణం పాస్‌పోర్టు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అదే ఐకావో, తన పట్టికలో రష్యన్ "య" అక్షరాన్ని ఐ-ఏ అని రాయమంది. అదే అక్షరాన్ని వై-ఏ అని రాయడం ఇంగ్లీషు అలవాటు. ఒకే మనిషి పాత కాగితాల్లో ఒకలా, కొత్త కాగితాల్లో ఇంకోలా ఉండటానికి ఎవరి తప్పూ అక్కర్లేదు.

గమనించండి, ఆర్మీనియన్ లిపిలో రాస్తే ఈ గందరగోళంలో చాలా భాగం మాయమవుతుంది. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ కూర్చిన ఆ అక్షరాల్లో పెట్రోస్, బెద్రోస్ ఇద్దరి పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. సోవియట్ ఆర్మీనియాలో 1922 నుంచి వచ్చిన లిపి సంస్కరణ వల్ల తోకలో మాత్రం ఒక అక్షరం తేడా. లాటిన్‌లోకి దిగాకే ఒక పేరు ఆరేడు పేర్లవుతుంది. మన శ్రీనివాస్ తెలుగులో ఒక్కడే; ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఎన్ని "ఈ"లు, చివర "ఏ" ఉందా లేదా అని ఎన్ని శ్రీనివాసులో లెక్క పెట్టుకోండి.

ఇప్పుడు మన వృత్తిలోకి వద్దాం. పేర్లని పోల్చడానికి మన చేతిలో ఉన్న పనిముట్లలో అతి పాతది సౌండెక్స్. రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. కంప్యూటర్లు లేని కాలం, అట్టల పెట్టెల కోసం చేసిన పద్ధతి అది. పాత జనాభా లెక్కల కాగితాలకి 1930లలో దీనితోనే సూచికలు కట్టారు. పేరులో మొదటి అక్షరం అలాగే ఉంచి, అచ్చులు తీసేసి, తరవాతి హల్లులకి మూడు అంకెలు వేస్తారు. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్ అన్నిట్లోనూ ఈ ఫంక్షను ఉంది. మనలో చాలామంది ఏదో ఒక ప్రాజెక్టులో వాడే ఉంటారు.

దీన్ని పెట్రోస్యాన్ల మీద నడిపి చూడండి. వై అయినా ఐ అయినా, రెండు ఎస్‌లున్నా, చివర "త్స్" ఉన్నా వచ్చేది పి-362. బాగుంది. బెద్రోసియాన్‌కి బి-362! అంకెలు మూడూ సరిగ్గా అవే, మొదటి అక్షరం దగ్గర దారి తప్పింది. ప, బ రెండూ ఒకే వర్గం శబ్దాలని రస్సెల్‌గారికి తెలుసు. తన పట్టికలో ఆ రెండిటికీ ఒకే అంకె ఇచ్చాడు కూడా. కానీ మొదటి అక్షరం మారదని గట్టిగా నమ్మాడు. కాస్పరోవ్‌కీ గాస్పర్యాన్‌కీ ఇదే గతి: కె-216, జి-216.

అదే పద్ధతిని మన పేర్ల మీద నడిపితే రోగం తిరగబడుతుంది. వెంకట్, వెంకటేశ్వర్లు, వెంకటరమణ, వెంకటసుబ్బయ్య అందరికీ వి-523. మన ఊళ్ళల్లో సగం మంది ఒకే సొరుగులో! అంటే ఒకే పనిముట్టు ఆర్మీనియన్లని విడదీస్తుంది, తెలుగువాళ్ళని కలిపేస్తుంది. అమెరికన్ అట్టల పెట్టె కోసం చేసిన పద్ధతి, అమెరికన్ చెవికి అందినంతవరకే వింటుంది.

తూర్పు యూరపు యూదుల వంశచరిత్రలు వెతికేవాళ్ళు ఈ బాధ పడలేక 1985లో తమ సౌండెక్స్ తామే చేసుకున్నారు. ర్యాండీ డైచ్, గ్యారీ మొకొటాఫ్ అనే ఇద్దరి పేర్ల మీదుగా దాన్ని డైచ్-మొకొటాఫ్ పద్ధతి అంటారు. అందులో మొదటి అక్షరానికీ అంకే. పెట్రోస్యాన్‌కి లెక్క కడితే 739460. బెద్రోసియాన్‌కీ 739460. వాళ్ళు ఆర్మీనియన్లని మనసులో పెట్టుకుని చేయలేదు; తమవాళ్ళ పేర్లు ఎలా చెదిరిపోయాయో గమనించి చేశారు, అలాగే చెదిరిన ఇంకో జాతికి పనికొచ్చింది. 2023లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 16లో ఈ ఫంక్షను సిద్ధంగా ఉంది. తెలుగు పేర్ల కోసం ఇంత శ్రద్ధగా ఆలోచించి, నలుగురూ వాడేటట్టు నిలబెట్టిన పద్ధతి నేను మన మధ్య చూడలేదు. ప్రపంచమంతా కోడు రాసిపెడుతున్న జాతికి ఇది అంత గొప్పగా లేదు.

"సరే, వెతికితే నాలుగు ఎక్కువ దొరుకుతాయి, లేకపోతే రెండు తక్కువ దొరుకుతాయి, కొంపలేం మునిగాయి?" అని మీరనవచ్చు. వెతకడం వరకైతే మునగవు. ఆ వెతుకులాటనే తీర్పుగా మార్చినప్పుడు మునుగుతాయి. 2011లో కాలిఫోర్నియాలో సెర్జియో రామిరెజ్ అనే ఆయన భార్యతో కారు కొనడానికి వెళ్ళాడు. ట్రాన్స్‌యూనియన్ ఇచ్చిన క్రెడిట్ రిపోర్టులో ఆయన పేరు అమెరికా ప్రభుత్వపు ఉగ్రవాదుల, మాదకద్రవ్యాల వ్యాపారుల జాబితాలోని పేరుతో సరిపోతోందని ఉంది. డీలరు ఆయనకి అమ్మనన్నాడు. కారు భార్య పేరు మీద కొనుక్కోవలసివచ్చింది. ఆ సాఫ్ట్‌వేరు చేసిన పనల్లా మొదటి పేరూ చివరి పేరూ పోల్చడం. పుట్టినతేదీ చేతిలోనే ఉన్నా దాన్ని పోల్చలేదు. ఇలా ముద్ర పడినవాళ్ళు 8,185 మంది అని దావాలో తేలింది. 2021లో సుప్రీంకోర్టు, ఎవరి రిపోర్టు బయటివాళ్ళకి చేరిందో ఆ 1,853 మందికే నష్టపరిహారం అడిగే హక్కుందని 5-4 తేడాతో చెప్పింది. మిగతా ఆరువేల పైచిలుకు మంది ఫైళ్ళలో ఆ ముద్ర ఉన్నా, ఎవరూ చూడలేదు కనుక నష్టం లేనట్టేనట. ఆ తీర్పు నాకు మింగుడు పడలేదు. అంతకు చాలాముందే, 2004లో, సెనేటర్ టెడ్ కెనెడీ అంతటివాడిని జాబితాలో అలాంటి పేరేదో ఉందని విమానాశ్రయాల్లో ఆపారు. సెనేటరుకే విమానం ఎక్కడానికి తంటాలైతే హెచ్-1 మీద వచ్చిన వెంకట్ సంగతి చెప్పాలా?

నా వాదన ఇది. పోలికలో రెండు రకాల పొరపాట్లుంటాయి: ఒకే మనిషిని ఇద్దరుగా విడగొట్టడం, ఇద్దరిని ఒకడిగా అతికేయడం. మన టెస్ట్ కేసుల్లో ఈ రెంటికీ సమానంగా మార్కులు వేస్తాం, మొత్తం మీద 98 శాతం కచ్చితం అని స్లైడు పెట్టి మురిసిపోతాం. కానీ ఇవి సమానం కావు. విడగొడితే మనిషి రెండోసారి ఫారం నింపుకుంటాడు, విసుక్కుంటాడు. అతికేస్తే ఇంకొకడి అప్పూ, ఇంకొకడి నేరమూ వాడి నెత్తికెక్కుతాయి, అవి అక్కడున్నాయని కూడా వాడికి తెలియదు. వెతికేటప్పుడు ఎంత వదులుగానైనా వెతకండి. ఫలానావాడే అని తేల్చేటప్పుడు మాత్రం పేరు ఒక్కటే చూసి తేల్చకండి. పోలిక కోడు ఎంత సొంపైనదైనా దాన్ని పక్క కాలమ్‌లో ఉంచండి, అసలు పేరుని "శుభ్రం" చేసి చెరిపేయకండి. రెండో ఎస్‌ని తీసేస్తే పారిస్ పోతుంది, బ-ని ప చేస్తే బేరూత్ పోతుంది. స్పెల్లింగే ఆ కుటుంబం నడిచివచ్చిన దారి.

ఈ విషయంలో సర్చ్ ఇంజన్లు కూడా తక్కువేం తినలేదు. 2020లో చెస్.కామ్ వాళ్ళు, ఆన్‌లైన్ జట్ల పోటీలో చిన్న టిగ్రాన్ నిబంధనలు అతిక్రమించాడని తేల్చి, అతన్ని తమ సైటు నుంచి శాశ్వతంగా బహిష్కరించి, గెలిచిన జట్టు టైటిలు రద్దుచేశారు. అతను ఆ ఆరోపణని ఖండించాడు, చాలా ఘాటుగానే ఖండించాడు; ఆ మాటలు ఇంటర్నెట్టులో నవ్వులాటగా నేటికీ తిరుగుతున్నాయి. ఆ గొడవలో ఎవరిది న్యాయమో తేల్చడం నా పని కాదు. ఆ పేరు కొట్టినవాడికి ఏ టిగ్రాన్ కనిపిస్తున్నాడన్నదే నా ప్రశ్న. పేజీలన్నీ నమిలి ఒక్క పేరాగా జవాబిచ్చే ఏఐ యంత్రాల కాలంలో, 1984లో పోయిన పెద్దాయనకి 2020 నాటి మరక అంటుకోకుండా కాపాడుతున్నది మధ్యలో ఉన్న ఒకే ఒక్క ఇనిషియల్. 2018 నుంచి ఆర్మీనియా 2,000 ద్రామ్‌ల నోటు మీద ఉన్నది ఆ పెద్దాయన బొమ్మే.

ఇక మన ఇంటి సంగతి. ప్రపంచ చదరంగ సమాఖ్య, అంటే ఫిడే, రేటింగుల పట్టికలో ముందు ఇంటిపేరు, కామా, తరవాత పేరు రాయడం ఆనవాయితీ. మన గుడివాడ అమ్మాయి "కోనేరు, హంపి" అని ఉంటుంది, సరిగ్గానే ఉంది. (చాంపియన్ అన్న మాటలోంచి తండ్రి ఆ పేరు పెట్టాడు, రష్యన్ పేరులా ధ్వనించాలని తరవాత ఇంగ్లీషు స్పెల్లింగు మార్చాడు. చదరంగం పిచ్చి ఎరెవాన్ తండ్రులకే పరిమితం కాదు!) కానీ ద్రోణవల్లి హారిక "హారిక, ద్రోణవల్లి"గానూ, పెంటేల హరికృష్ణ "హరికృష్ణ, పెంటేల"గానూ ఉంటారు. ముగ్గురివీ ఒకే పద్ధతి పేర్లు, ఒకే జిల్లాల మనుషులు, పట్టికలో మాత్రం ఇద్దరు తలకిందులుగా వేలాడుతున్నారు. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టి, 2024 డిసెంబరులో పద్దెనిమిదవ ప్రపంచ చాంపియన్ అయిన దొమ్మరాజు గుకేశ్‌కి కామాయే లేదు. "గుకేశ్ డి" అంతే. తొమ్మిదవ చాంపియన్‌కి ఒక్క అక్షరం దిక్కయితే, పద్దెనిమిదవ చాంపియన్ ఇంటిపేరే ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది.

పాస్‌పోర్టులో ఒకే గడి నింపివుంటే అమెరికా వీసాలో రెండో గడిలో "ఎఫ్‌ఎన్‌యూ" అని పడుతుంది, మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. "డియర్ ఎఫ్‌ఎన్‌యూ" అని మొదలయ్యే బ్యాంకు ఉత్తరాలు అందుకున్నవాళ్ళు మన చుట్టూ బోలెడుమంది ఉన్నారు. అంతర్జాతీయ ప్రమాణం అలా ఉంది, మనమేం చేస్తాం అంటారు మిత్రులు. నేను ఒప్పుకోను. ఐకావో ప్రమాణం ఒకే పేరున్న మనిషిని చక్కగా ఒప్పుకుంటుంది; యంత్రం చదివే వరసలో ఆ ఒక్క పేరు రాసి మిగతా చోటంతా నింపుడు గుర్తులు పెట్టమంటుంది. 39 స్థానాల్లో పేరు పట్టకపోతే కుదించడానికి కూడా అందులో నియమాలున్నాయి. ప్రమాణం అడగనిదాన్ని అడుగుతున్నది మన ఫారాలే. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, విమానాల బుకింగుల్లో ఆ ఫారాలు రాసినవాళ్ళలో, "లాస్ట్ నేమ్" పక్కన ఎర్ర చుక్క పెట్టినవాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. స్పెసిఫికేషనులో అలా ఉందండీ అంటాం. రివ్యూ మీటింగులో ఒక్క మాట అని ఉండేదెవరు? తండ్రి పేరు ఇంటిపేరు గడిలో పడేసుకుని ఇరవయ్యేళ్ళు తిరిగినవాడికంటే ఆ లోపం తెలిసినవాడెవడున్నాడు? ప్యాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామరు పేర్ల గురించి మనం నమ్మే అబద్ధాల జాబితా 2010లోనే రాసిపెట్టాడు. అది చదివి "భలే" అనుకుని, మర్నాడు అదే ఎర్ర చుక్కతో కోడు చెక్-ఇన్ చేసినవాళ్ళని నేనెరుగుదును.

నన్నడిగితే పేరుకి ఒకే పొడవాటి గడి చాలు, మనిషి తన పేరు ఎలా రాసుకుంటాడో అలా. "మిమ్మల్ని ఎలా పిలవాలి?" అని ఇంకో చిన్న గడి. సొంత లిపిలో రాసుకోవడానికి మూడోది, ఖాళీగా వదిలేసినా అలగకూడదు. తెలుగూ ఆర్మీనియనూ రెండూ యూనికోడ్‌లో 1991 నాటి మొదటి కూర్పు నుంచీ ఉన్నాయి కనుక కుదరదనే సాకు చెల్లదు. గుర్తింపు కోసం అర్థంలేని ఒక సంఖ్య. ఫిడే ఆ పని ఎప్పుడో చేసింది, ప్రతి ఆటగాడికీ ఒక నంబరిచ్చింది. పరిశోధకులకి 2012 నుంచి ఓర్కిడ్ ఉంది. సంఖ్య మనిషిని అవమానించడమే కదా అనేవాళ్ళున్నారు. పేరుని కీగా వాడి, అది ఢీకొన్నప్పుడల్లా మనిషి చేత పేరు మార్పించడం అంతకంటే పెద్ద అవమానమని నా లెక్క.

చివరగా ఒక పిడకల వేట. మద్రాసులో సైదాపేట దగ్గర అడయారు నది దాటినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. అక్కడ 1726లో మొదటి వంతెన, మార్మలాంగ్ వంతెన, సొంత డబ్బుతో కట్టించినవాడు ఒక ఆర్మీనియన్ వర్తకుడు. పేరు కోజా పెట్రస్ ఉస్కాన్. ఈ పెట్రస్ మన పెట్రోసే. తోకలో "యాన్" లేదు, అందుచేత ఏ పెట్రోస్యాన్ల వెతుకులాటలోనూ ఈయన తగలడు. ప్రపంచంలో మొదటి ఆర్మీనియన్ పత్రిక "అజ్దరార్" 1794లో వెలువడింది కూడా మద్రాసులోనే, దాన్ని అచ్చువేసిన మతగురువు ష్మవోన్యాన్‌కి మాత్రం తోక ఉంది. అక్కడినుంచి తీరం వెంబడి దక్షిణంగా పోతే మామల్లపురం. 2022లో చదరంగం ఒలింపియాడ్ జరిగింది అక్కడే, ఆర్మీనియాకి రజతం వచ్చింది. ఆ జట్టులోనూ ఒక పెట్రోస్యాన్ ఉన్నాడు, మాన్యుయెల్. ఫిడే పట్టికలో టిగ్రాన్ ఎల్. ఇంటిపేరు ఐ అక్షరంతో ఉంటుంది, మాన్యుయెల్‌ది వై అక్షరంతో.